మేడ్చల్‌లో పచ్చజెండా

శామీర్‌పేట అనగానే జంటనగరాలవారికి చెరువుగట్టూ, జింకల పార్కూ, పులిహోర పొట్లాలూ జ్ఞాపకం వస్తాయి. మేడ్చల్ అనగానే చాలామందికి ఏమీ జ్ఞాపకం రాదు. నాగపూరు రోడ్డుమీద పోతూ పోతూ బస్సు కిటికీలోనుంచి చూసిన ఊరు, అంతే. మొన్న నేను ఆ రెండు ఊళ్ళకూ వెళ్ళివచ్చాను. పులిహోర కోసం కాదు. ఒక చేతిని చూడటానికి వెళ్ళాను.

ఆ చేయి మా చిన్నాన్నది.

చిన్నాన్న రైల్వేలో గార్డుగా పనిచేసి, పాతికేళ్ళ క్రిందట రిటైరై, మేడ్చల్ స్టేషనుకు దగ్గరలోనే ఇల్లు కట్టుకొన్నాడు. "రైలుకూత వినపడకపోతే నిద్ర పట్టదురా" అనేవాడు. పోయిన వేసవిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమవైపు పడిపోయింది. మాట ముద్ద అయిపోయింది. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. అదే ఆయన కష్టం. చెప్పదలచుకొన్నదంతా లోపల ఉంది, బయటికి వచ్చే దారి లేదు.

కుడిచేయి ఉందిగదా, సెల్‌ఫోను వాడుకోవచ్చుగదా అంటారేమో. ఆ చేతికి కీళ్ళవాతం. ఉంగరపు వేలూ, చిటికెన వేలూ ఏనాడో అరచేతిలోకి వంగిపోయి బిగుసుకొన్నాయి. మిగతా వేళ్ళు ఫోను అద్దం మీద ఆనించబోతే ఒకటికి రెండు చోట్ల తగులుతాయి. నాకు చేయబోయిన ఫోను పాలవాడికి పోయేది. వీటన్నిటికీ తోడు, ఒక రాత్రి ఆయన మంచం మీదనుంచి జారి క్రింద పడ్డాడు. చిన్నమ్మకు చెవులు సరిగా వినపడవు. తెల్లవారగట్ల ఆమె లేచి చూసేదాకా నేలమీదే ఉన్నాడు. ఆ సంగతి విన్ననాటినుంచి మాకెవరికీ మనసు మనసులో లేదు.

అప్పుడు తమ్ముడు ఫోను చేశాడు. "అన్నయ్యా, ఆదివారం రా. అమ్మాయి ఏదో తయారుచేసింది. చేయి ఊపితే కంప్యూటరు చెప్పినట్టు వింటుందట. తాతయ్యకోసమనే చేసింది" అన్నాడు. తమ్ముడంటే చిన్నాన్న కొడుకు. వాడి కూతురు ఆ ప్రాంతంలోనే ఒక ఇంజనీరింగు కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది.

ఆదివారం ఉదయం సికింద్రాబాదులో ఎం.ఎం.టి.ఎస్. బండి ఎక్కాను. మేడ్చల్‌దాకా ఈ లోకలు బళ్ళు 2023 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. దారి మాత్రం పాతదే. నిజాం కాలంలో, 1900 ప్రాంతంలో, మన్మాడుదాకా వేసిన గోదావరి లోయ లైను ఇది. అప్పుడు మీటరు గేజి. చిన్నాన్న ఉద్యోగమంతా ఆ చిన్న పట్టాల మీదనే గడిచింది. ఇప్పుడది బ్రాడ్ గేజి అయింది, కరెంటు తీగెలూ వచ్చాయి. మల్కాజిగిరి, అల్వాల్, బొల్లారం దాటేసరికి ఇళ్ళు కొంచెం పలచబడి, గుండ్లపోచంపల్లి దగ్గర రాళ్ళగుట్టలు కనబడ్డాయి.

నా ఎదుట ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు కూర్చున్నారు. ఒకడు ఫోనును చేతి మణికట్టుతో రెండుసార్లు గిర్రున తిప్పాడు. వెంటనే కెమెరా తెరుచుకొంది. రెండోవాడు తన ఫోనును ఎదురుగా నిలబెట్టి దానికి అరచేయి చూపించాడు. అది రెండు మూడు లెక్కపెట్టుకొని ఫొటో తీసింది. అభయహస్తం చూపిస్తే వరమిచ్చే దేవుణ్ణి చూశాంగాని, అభయహస్తం చూపిస్తే ఫొటో తీసే యంత్రాన్ని చూడటం నాకు అదే మొదలు. వాళ్ళు ఆ విచిత్రాన్ని విచిత్రంగా చూడనైనా లేదు.

మేడ్చల్‌లో దిగి ఇంటికి చేరేసరికి చిన్నాన్న వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. నన్ను చూసి కుడిచేయి భుజమెత్తున చాచి, కదలకుండా పట్టుకొన్నాడు. నేను నమస్కారం పెట్టాను.

"అది నమస్కారం కాదు నాయనా, 'రావచ్చు' అని" అన్నది చిన్నమ్మ. "ఆయనకింకా రైల్వే భాషే."

అది నిజంగా భాషే. జెండా లేనప్పుడు గార్డు ఒక చేయి చాచి నిలకడగా పట్టుకొంటే బండి సాగిపోవచ్చునని అర్థం. అదే చేతిని పైకీ క్రిందికీ ఊపితే జాగ్రత్తగా సాగమని. రెండు చేతులూ తలపైకి ఎత్తితే ఆగమని. ఇవన్నీ రైల్వేవారి రూల్సు పుస్తకంలో ఉన్నవే. ఇంజను మోతలో నోటిమాట ఎవరికి వినపడుతుంది? అందుకని చేతికి మాట నేర్పారు. చిన్నాన్న ముప్పయ్యేళ్ళకు పైగా ఆ మాట మాట్లాడాడు. ఇప్పుడు గార్డు అనే పేరు కూడా లేదు, 2022 నుంచి 'ట్రైన్ మేనేజరు' అంటున్నారు. ఆ మాట విన్నప్పుడు చిన్నాన్న నవ్వి, "జెండా మారలేదుగదా?" అన్నాడట. అప్పటికి ఆయనకు మాట ఉంది.

భోజనాలు కాకముందే అమ్మాయి తన లాప్‌టాపు తెచ్చి బల్లమీద పెట్టింది. తెరపైన మిరియపు గింజంత కెమెరా ఉంది. ఆమె చేయి ఎత్తగానే తెరమీద ఆమె చేతిమీద చుక్కలూ గీతలూ ముగ్గులాగా పరుచుకొన్నాయి.

"ఇరవయ్యొక్క చుక్కలు, పెదనాన్నా. మణికట్టుకు ఒకటి, ఒక్కొక్క వేలికి నాలుగేసి" అన్నది. "గూగులువాళ్ళు 2019లో ఈ సాధనం అందరికీ ఉచితంగా ఇచ్చారు. దీని పేరు మీడియాపైపు. వేలకొద్దీ చేతుల ఫొటోలమీద మనుషులు చుక్కలు గుర్తించిపెడితే, వాటిని చూసి నేర్చుకొంది. ముందు అరచేతిని వెతుకుతుంది. వేళ్ళు వంగుతాయి, ముడుచుకొంటాయి గనుక వాటిని పట్టుకోవడం కష్టం. అరచేయి దొరికాక వేళ్ళ సంగతి చూస్తుంది."

ఈ ముచ్చట ఇవాళ పుట్టింది కాదట. రష్యాదేశపు తెరెమిన్ అనే ఆయన 1920 ప్రాంతంలోనే, తాకకుండా, చేతులు గాలిలో ఆడించి వాయించే వాద్యం కనిపెట్టాడు. 1980లో అమెరికాలో ఎం.ఐ.టి.లో రిచర్డ్ బోల్ట్ అనే ఆయన, గోడంత తెర ఎదుట కుర్చీలో కూర్చున్న మనిషి వేలు చూపించి "అది తీసి అక్కడ పెట్టు" అంటే కంప్యూటరు అలాగే చేసేటట్టు చేశాడు. ఆ తరువాత మన గుజరాతు కుర్రవాడు ప్రణవ్ మిస్త్రీ అదే ఎం.ఐ.టి.లో చదువుకొంటూ, మెడలో చిన్న కెమెరా వేలాడదీసి, వేళ్ళ కొసలకు రంగురంగుల తొడుగులు పెట్టుకొని, ఏ గోడనైనా కంప్యూటరు తెరగా మార్చి చూపించాడు. 2009లో మైసూరు సభలో దానిని చూసినవారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 2010లో మైక్రోసాఫ్టువారి కినెక్టు వచ్చి, పిల్లలు టీవీ ముందు గంతులు వేశారు. ఏడేళ్ళకే దాని తయారీ ఆగిపోయింది. 2019లో గూగులువారు వేళ్ళ కదలికను రాడారుతో పసికట్టే ఫోను తెచ్చారుగాని, ఆ రాడారు తరంగాలకు మన దేశంలో అనుమతి లేకపోవడంవల్ల అది ఇక్కడికి రానేలేదు. 2024లో ఆపిలువారి కళ్ళజోడువంటి యంత్రం వచ్చింది. దేనికేసి చూస్తే అది ఎన్నుకొన్నట్టు. బొటనవేలూ చూపుడువేలూ కలిపితే నొక్కినట్టు.

"అది హంసాస్యం కదమ్మా?" అన్నాను. ఈ పిల్ల పదో తరగతిదాకా కూచిపూడి నేర్చుకొంది. నందికేశ్వరుడి అభినయదర్పణంలో ఒంటిచేతి ముద్రలు ఇరవై ఎనిమిది. అందులో హంసాస్యం ఒకటి.

"అవును పెదనాన్నా, ఇంచుమించు అదే" అని నవ్వింది.

చిన్నమ్మకు అనుమానం వచ్చింది. "ఆ కన్ను రాత్రీ పగలూ మనల్నే చూస్తూ ఉంటుందా?"

"చూస్తుందిగాని ఎవరితోనూ చెప్పదు నానమ్మా. లెక్కంతా ఈ పెట్టెలోనే జరుగుతుంది. బొమ్మ బయటికి పోదు. దాచిపెట్టనూ పెట్టదు."

ఇక పరీక్ష. చిన్నాన్న ఎదుట తెర పెట్టింది. అయిదువేళ్ళూ చాపి అరచేయి చూపిస్తే 'నన్ను పిలుస్తున్నారు' అని తమ్ముడి ఫోను మోగాలి. పిడికిలి బిగిస్తే టీవీ ఆగిపోవాలి. రెండువేళ్ళు చూపిస్తే మంచినీళ్ళు. మూడయితే మందు.

చిన్నాన్న అరచేయి చూపించాడు. ఫోను మోగలేదు. మళ్ళీ చూపించాడు. తెరమీద 'మందు' అని వచ్చింది. అమ్మాయి దీపం వేసింది, కుర్చీ జరిపింది, "కొంచెం వేళ్ళు చాపు తాతయ్యా" అన్నది. ఆయన చాపగలిగినంతా చాపాడు. ఆ రెండు వేళ్ళూ లేవందే యంత్రం అయిదు లెక్కపెట్టదు. చివరికి చేయి నొప్పిపుట్టి దించేశాడు. దించుతుంటే 'టీవీ ఆపు' అని వచ్చి, మాట్లాడుతున్న టీవీ కాస్తా నోరుమూసుకొంది.

ఎవరమూ నవ్వలేదు. చిన్నాన్న మొహం గోడవైపు తిప్పుకొన్నాడు. ఉన్న ఒక్క చేయి కూడా పనికిరాదని ఒక యంత్రం చెప్పినట్టయింది ఆయనకు.

అమ్మాయి వంటింట్లోకి పోయి ఏడ్చింది. "కాలేజీలో అందరి చేతులకూ పనిచేసింది పెదనాన్నా. పరీక్షకులు మంచి మార్కులు కూడా వేశారు" అన్నది. ఎవరి చేతులమీద చూపించావని అడిగాను. "మా క్లాసువాళ్ళవే" అన్నది. ఇరవయ్యేళ్ళ పిల్లల చేతులు! వేళ్ళు బిగుసుకొన్న ముసలివాడి చేయి ఒక్కటైనా చూపించమని ఆమెను అడిగినవారు లేరు. ఆ కాలేజీ పేరు ఎందుకులెండి. ఏ కాలేజీ అయినా అంతే చేసేదేమో.

మరునాడు పొద్దున్నే చిన్నమ్మ, "ఆయన్ను ఓసారి శామీర్‌పేట చెరువుదాకా తిప్పి తీసుకురండి. ఇల్లు కదలక ఏడాది అయింది" అన్నది. తమ్ముడి కారులో ఆయన్ను ముందు సీటులో కూర్చోబెట్టి, అవుటర్ రింగు రోడ్డెక్కాం. శామీర్‌పేటలో దిగేసరికి ఊరు నేను ఎరిగిన ఊరు కాదు. జిల్లా పేరు మేడ్చల్–మల్కాజిగిరిగాని కలెక్టరు ఆఫీసు ఉన్నది శామీర్‌పేట వైపున. లాయర్లను తయారుచేసే నల్సారు, 2008లో మొదలైన బిట్స్ పిలానీ వారి హైదరాబాదు క్యాంపసు, కొంచెం ముందుకు పోతే టీకాలూ మందులూ చేసే జీనోమ్ వ్యాలీ. ఒకనాడు పొలాలుండేచోట ఇప్పుడు గేట్లూ, గేట్ల ముందు కాపలావాళ్ళూను.

చెరువు మాత్రం తన చోట తాను ఉంది. గట్టుమీద గాలి చల్లగా ఉంది. దూరాన కొంగలు ఒంటికాలిమీద నిలబడ్డాయి. చిన్నాన్న చాలాసేపు నీళ్ళకేసే చూశాడు. ఎవరమూ ఏమీ మాట్లాడలేదు.

తిరుగు ప్రయాణంలో అసలు సంగతి జరిగింది. గట్టుదగ్గర దారి ఇరుకు. వెనక ఒక ఆటో, ప్రక్కన మొక్కజొన్న కంకులు కాల్చే బండి. తమ్ముడు కారు వెనక్కు తీయలేక తంటాలుపడుతున్నాడు. చిన్నాన్నను ఇంకా కారెక్కించలేదు. చక్రాల కుర్చీలో కారు వెనకవైపున, పదిగజాల దూరాన ఉన్నాడు. ఉన్నట్టుండి ఆయన చేయి లేచింది. ఒంటికి అడ్డంగా ఈ ప్రక్కనుంచి ఆ ప్రక్కకు, నెమ్మదిగా ఊపాడు. షంటింగు చేసేటప్పుడు 'నావైపుకు రా' అనడానికి గార్డులు చేసే సైగ అది. కారు కొంచెం వెనక్కు వచ్చింది. మరీ దగ్గరకు రాగానే చేయి పైకీ క్రిందికీ ఊపాడు. 'నా దగ్గరనుంచి దూరంగా పో' అని. తమ్ముడు గార్డుగారి కొడుకు. అద్దంలో చూసి వెంటనే అర్థం చేసుకొన్నాడు. రెండు నిమిషాలలో కారు తిన్నగా నిలబడింది. కంకుల బండి ఆసామీ, "పెద్దాయన భలే చూపించిండు!" అన్నాడు.

అమ్మాయి మాత్రం కొయ్యబారి నిలబడింది. "పెదనాన్నా, తాతయ్యకు నా సైగలు నేర్పబోయాను. తాతయ్య సైగలు నేను అడగనేలేదు" అన్నది. తరువాత ఆయన చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకొని తిప్పి చూసింది. "ఇది పతాకహస్తం కాదు తాతయ్యా. ఉంగరపు వేలూ చిటికెన వేలూ వంగితే అర్ధపతాకం. నాకు చిన్నప్పుడే నేర్పారు. ఇది తప్పు చేయి కాదు, వేరే ముద్ర" అన్నది. చిన్నాన్న మొహంలో ఏడాది తరువాత నవ్వు చూశాను.

అక్కడే చెరువుగట్టుమీద, వెలుతురు ఉండగానే, ఫోనుతో ఆయన సైగలను మళ్ళీ మళ్ళీ ఫిలిము తీసింది. కొంచెం చేయగానే "చేయి దించు తాతయ్యా" అనేది. గాలిలో చేయి ఎత్తి ఉంచితే ఎవరికైనా లాగుతుంది. ఇంజనీర్లు దీనికి 'గొరిల్లా చేయి' అని పేరు కూడా పెట్టారట. అందుకని ఒక్కొక్క సైగకూ రెండు లిప్తలకంటే ఎక్కువ పట్టనివ్వకూడదని నిశ్చయించుకొంది.

ఆ సాయంత్రమంతా ఆమె లాప్‌టాపు ముందునుంచి లేవలేదు. వేళ్ళు లెక్కపెట్టడం మాన్పించి, అరచేయీ మణికట్టూ ఎటు కదులుతున్నాయో చూడమని యంత్రానికి చెప్పింది. చేయి చాచి నిలిపితే 'అవును'. ప్రక్కకు ఊపితే 'నా దగ్గరకు రండి'. పైకీ క్రిందికీ ఊపితే 'ఇక చాలు, వెళ్ళండి'. ఈ చివరిదానిని చిన్నాన్న మొదట ప్రయోగించింది నామీదనే.

ఇక మిగిలింది 'ఆపు'. అంటే ప్రమాదం, సాయం కావాలి అని. ఆ సైగకు రెండు చేతులు కావాలి. ఒక్క చేయి ఎత్తితే చాలుననుకొందాం అన్నది అమ్మాయి. చిన్నాన్న తల అడ్డంగా తిప్పాడు. రూలు రూలే. నోటితో ఏదో అన్నాడు. మాకు అర్థం కాలేదు. చిన్నమ్మ ఆయన మూతికేసి చూసి, లోపలికి వెళ్ళి, ఇనప్పెట్టె అడుగునుంచి మడతపెట్టిన ఎర్రగుడ్డ తీసుకొచ్చింది. పాత జెండా! రూల్సు ప్రకారం రెండు చేతులూ ఎత్తవలసింది జెండా లేనప్పుడే. జెండా ఉంటే ఒక చేయి చాలు.

రంగును గుర్తుపట్టడం కెమెరాకు చేతికంటే సులువు. ప్రణవ్ మిస్త్రీ వేళ్ళకు రంగు తొడుగులు పెట్టుకొన్నది అందుకే. చిన్నాన్న జెండాను మూడు వేళ్ళతో పట్టి ఎత్తాడు. వంటింట్లో తమ్ముడి ఫోను గణగణ మోగింది. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ మోగింది. తొమ్మిదిసార్లు ఎత్తి తొమ్మిదిసార్లూ మోగించి గాని ఆయన జెండా దించలేదు.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. చీకట్లో ఆ కెమెరాకు కళ్ళు కనపడవు. రాత్రంతా చిన్న దీపం ఒకటి వెలగాలి. మొదటి రాత్రి చిన్నమ్మ ఎర్రచీర చూసి ఫోను మోగితే అందరూ పరుగెత్తారట! కరెంటు పోతే కథ మొదటికి వస్తుంది. అందుకని మంచం కోడుకు ఒక గంట కూడా కట్టారు. కాని ఆయన జారిపడ్డ ఆ రాత్రిని తలుచుకొంటే, జెండా ఒకటి చేతికందేచోట ఉన్నదన్నది చిన్న ధైర్యం కాదు.

మంగళవారం ఉదయం బండికి బయలుదేరాను. నన్ను సాగనంపడానికి చిన్నాన్న కుర్చీని వీధి గేటుదాకా తెచ్చారు. స్టేషనులో బండి కూత వేసింది. నేను తొందరపడుతుంటే, ఆయన మూడు వేళ్ళ చేయి భుజమెత్తున చాచి, కదలకుండా పట్టుకొన్నాడు.

ఈసారి నేను నమస్కారం పెట్టలేదు. నేనూ చేయి చాచి చూపించి, బండికి నడిచాను.